మేనత్త మాగబెట్టిన ఎరువు

మా మేనత్త మాగిన ఎరువు పిడికెడు తీసి, నలిపి, కళ్లు మూసుకుని వాసన చూసేది. అత్తరు వర్తకులు ఆవిడ దగ్గర శిష్యరికం చేయాల్సింది.

పందొమ్మిది వందల అరవైల్లో ఒక తొలకరికి, మేధావిని కనుక, మా గడ్డిబీడు మీద పచ్చిపేడ కుమ్మరించాను. గేదె ఆ గడ్డిలో మూతి పెట్టలేదు. పాలు తగ్గాయి. ఆ పాలే ఆధారమైన మా పసిబిడ్డ ఏడుపు అద్దంకి దాకా వినిపించింది.

“ఒరేయ్, నీ అన్నంలో పేడేస్తే తింటావట్రా?” అంటూ అత్త వచ్చి, నా పేడంతా ఎత్తించి పోగు పెట్టించింది. తన మిరపచేనుకని ఏడాదిగా మాగబెట్టిన ఎరువును నా బీడుకు తోలించి చల్లించింది.

“మరి నీ చేనుకో, అత్తా?”

“మిరపచెట్లు ఏడవవు గదరా!”

నెల తిరిగేసరికి గడ్డి నా మొలదాకా, గేదె పొదుగు నేలదాకా వచ్చాయి. ఆ ఏడు ఆవిడ మిరపకాయలు మాత్రం లవంగాలంతే కాశాయి. ఆ మాట ఆవిడ ఒక్కనాడూ ఎత్తలేదు. అందుకే నేనెత్తుతున్నాను.