పోయిందా, ఇంకా ఉందా?

మా ఆడపడుచు ఒక వీధి పోట్లాటని ఎల్ బోర్డుతో గెలవడం నేను కళ్లారా చూశాను.

ఆమెది డ్రైవింగ్ స్కూలు. ఆ రోజు నేను పన్ను పీకించుకుని వస్తూ ఆమె కారు వెనక సీట్లో కూర్చున్నాను. స్టీరింగు పట్టుకున్నది ఒక ముసలి గుమస్తా. పాపం, చెమటలు కక్కుతూ నేర్చుకుంటున్నాడు. కూడలిలో పచ్చ లైటు పడగానే బండి దగ్గి ఆగిపోయింది. మా వెనక పెద్ద కారాయన హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. అదీ చాలక దిగి వచ్చి అద్దం మీద కొట్టాడు.

"నడపడం రానివాళ్లు రోడ్డు మీదికి రావడం దేనికండీ? ఇంట్లో కూర్చోవచ్చుగా!"

నా దవడ వాచి ఉంది గనక బతికిపోయాడు. మా ఆడపడుచు తాపీగా దిగింది. మా కారు వెనక కొక్కేనికి వేలాడుతున్న ఎర్ర ఎల్ బోర్డు తీసింది. తిన్నగా వెళ్లి ఆయన కారు ముందు వైపర్‌కి తగిలించింది.

"అమ్మ కడుపులోంచి స్టీరింగు పట్టుకుని పుట్టినట్టున్నారే బాబూ! మరి రెండు వరసల మధ్య తెల్ల గీత మీద ఆపారేం? ఇది మాకంటే మీకే అవసరం. ఉంచుకోండి."

చుట్టూ బళ్ల మీద ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. లైటు మళ్లీ పచ్చబడేలోపు ఆయనే ఆ బోర్డు తీసి, తెచ్చి, మా కొక్కేనికి తగిలించి మరీ వెళ్లాడు. గుమస్తా ఈసారి బండి ఆపకుండా పోనిచ్చాడు.

అలాంటి మనిషికి దెయ్యమంటే చచ్చేంత భయం. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు. ఈమె తిరగేసి పుట్టింది. వీధిలో లారీవాళ్లకి దడ పుట్టిస్తుంది, ఇంట్లో టీవీలో తలుపు కిర్రుమంటే తను దడుచుకుంటుంది. ఒకసారి వార్తల మధ్యలో ఏదో దెయ్యం సినిమా ప్రకటన వచ్చిందని పట్టపగలు దిండు చంకన పెట్టుకుని మేడ మీద మా ఇంటికి వచ్చేసింది. "చచ్చినవాళ్లని చచ్చినట్టు ఉండనివ్వాలి వదినా. వాళ్లకి రంగులేసి తిప్పడమేమిటి?" అంటుంది. ఆ మాట నాకూ సబబుగానే తోస్తుంది గానీ, నేను ఆమెలా మంచం ఎక్కి కాళ్లు ముడుచుకోను.

భర్త పోయిన ఏడాదే ఆమె ఈ బడి పెట్టింది. కింది వాటాలో ముందు గదే ఆఫీసు. గోడ నిండా రోడ్డు గుర్తుల బొమ్మలు, బల్ల మీద నాలుగు బొమ్మ కార్లు. ఎదురు బండి వస్తే ఎవరు ఆగాలో ఆ బొమ్మల్ని జరిపి చూపిస్తుంది. ఆమె కారులో నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అందుకే నేర్చుకునేవాళ్లు ఆమెని 'బ్రేకు మేడమ్' అంటారు. కూర్చున్నంతసేపూ ఆ కాలు బ్రేకు మీదే. కారు దిగినా ఆ కాలికి ఆ సంగతి తెలియదు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని మాట్లాడుతూ కూడా, నేను కత్తిపీట ముందు పరధ్యానంగా ఉంటే నేలను తొక్కుతుంది.

ఆమెకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేది. వసపిట్ట అని పేరు పెట్టింది నేనే. అలాంటి పిల్ల నోరు మూసుకుంది. అదీ తల్లి దగ్గర మాత్రమే.

జరిగింది ఇంతే. పద్దెనిమిది నిండగానే తల్లి దాన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. వెనక సీట్లో ఇంకో ఇద్దరు తమ వంతు కోసం కూర్చున్నారు. సందులోంచి లారీ మూతి బయటికి వచ్చింది. పిల్ల కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే తల్లి తన వైపు బ్రేకు తొక్కేసింది. అంతవరకు తప్పు లేదు, ఆ బ్రేకు ఉన్నదే అందుకు. బండి ఆగాక నోరు మాత్రం ఆగలేదు.

"కళ్లు నెత్తి మీదున్నాయా? నీ వల్ల కాదు గానీ దిగు. వెనకవాళ్లు నడుపుతారు, చూసి నేర్చుకో."

పిల్ల దిగింది. వెనక సీట్లో ఎక్కలేదు. నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. ఊళ్లోవాళ్ల బిడ్డలకి ఒకటికి పదిసార్లు చెప్పే ఓర్పు సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుందో ఆ కాలికే తెలియాలి.

ఆ రోజు నుంచి తల్లి ఏమడిగినా 'ఊ', కాదంటే 'ఊహూ'. అన్నం తిన్నావా? ఊ. ఇంకాస్త పెట్టనా? ఊహూ. నా దగ్గరికి వస్తే మామూలే, నా చెవులు తినేది. కిందికి దిగగానే బెల్లం కొట్టిన రాయి. తల్లి బతిమాలింది, కసిరింది, కొత్త చెప్పులు కొని తెచ్చింది. చెప్పులు తొడుక్కుంది గానీ నోరు మాత్రం విప్పలేదు. వానలు మొదలైతే కాలేజీ హాస్టలుకి వెళ్లిపోవాల్సిన పిల్ల. మా ఆడపడుచు గుబులంతా అదే.

"ఇలాగే నోరు మూసుకుని వెళ్లిపోతే, అక్కడి నుంచి ఇంకేం మాట్లాడుతుంది వదినా? ఫోను చేస్తే 'ఊ' అంటుంది. ఏడాదికొకసారి వచ్చి 'ఊహూ' అంటుంది. ఉన్నది ఒక్కతే."

ఏడుపుగొట్టు మొహాలు నాకు పడవు. "దాని పక్కన కూర్చో. అది ఏం చూస్తే నువ్వూ అది చూడు" అన్నాను.

"అది చూసేది దెయ్యాల సీరియల్! ఎక్కడో థాయిలాండ్‌వాళ్లది."

"నీ గొంతు వింటే ఆ దెయ్యమే మూటాముల్లె సర్దుకుంటుందిలే, పద."

ఆదివారం మధ్యాహ్నం కింద హాల్లో కర్టెన్లు వేసుకుని పిల్ల టీవీ ముందు కూర్చుంది. తల్లి వెళ్లి సోఫాలో ఆ చివర కూర్చుంది. నేను వాకిలి దగ్గర కుర్చీ వేసుకుని, తలుపు సందులోంచి వచ్చే వెలుగులో గుండీలు కుట్టుకుంటున్నాను. పిల్ల తల తిప్పి తల్లిని ఒకసారి చూసింది. మళ్లీ టీవీ వైపు తిరిగింది.

ఆ సీరియల్ వాళ్ల భాషలోనే వస్తుంది. అడుగున ఇంగ్లీషు అక్షరాలు చీమల బారులా పరిగెడతాయి. నాకు ఇంగ్లీషు రాదు. మా ఆడపడుచుకి వచ్చు గానీ కళ్లు తెరిస్తే కదా! కథ నాకు బొమ్మల్లోనే తెలిసింది. ఆడపిల్లలుండే వసతిగృహం. మేడ మీద బట్టలుతికే తొట్టి. అందులో పడి చచ్చిపోయిన ఆవిడ ఎవరో తడి జుట్టు మొహాన వేసుకుని తిరుగుతుంటుంది. ఎవరూ విప్పకుండానే కుళాయి పారుతుంది. నీళ్లు చూస్తే నాకు భయం కలగలేదు, వృథా అవుతున్నాయని ఒళ్లు మండింది.

మొదటిసారి కుళాయి శబ్దం రాగానే మా ఆడపడుచు దిండు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాలు మాత్రం నేలను గట్టిగా తొక్కి పట్టింది.

"పోయిందా?" అంది దిండులోంచి.

పిల్ల కళ్లు టీవీ మీదే. నేను చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ఈ ప్రశ్న నాది కాదు.

"పోయిందా అని అడుగుతుంటే! ఇంట్లో మనుషులున్నారా, అందరూ దెయ్యాలేనా?"

టీవీలో మెట్ల మీద నీళ్ల చుక్కలు పడుతున్నాయి.

"ఇంకా ఉంది" అంది పిల్ల.

ఊ కాదు, ఊహూ కాదు. నా సూది ఆగిపోయింది. దిండు వెనక కూడా ఏదో ఆగినట్టే ఉంది.

"ఏం చేస్తోంది?"

"నిలబడింది."

"నిలబడి?"

"చూస్తోంది."

"ఎవర్ని?"

"నిన్నే" అంది పిల్ల, మొహం కదల్చకుండా. మా ఆడపడుచు సోఫాలో జానెడు ఇటు జరిగింది. అంటే కూతురి వైపు.

కాసేపటికి పిల్ల, "పోయింది, చూడొచ్చు" అంది. దిండు దిగింది. టీవీ నిండా తడి మొహం, రెండు తెల్ల కళ్లు! మా ఆడపడుచు పెట్టిన కేకకి పక్కింటి కుక్క మొరిగింది. పిల్ల పగలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని, కింద పడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తల్లి దిండుతో దాన్ని ఎడాపెడా బాదింది.

"కన్నతల్లినే మోసం చేస్తావే? నీకు నోరు పడిపోయిందనుకున్నా. అబద్ధాలాడ్డానికి బాగానే వచ్చిందే!"

"నమ్మేశావ్! అమ్మా, నిజంగా నమ్మేశావ్!"

'అమ్మా' అన్నది. ఎన్నాళ్లకో. నేను దారం కొరికి తెంపుతున్నట్టు తల వంచుకున్నాను. నా గుండెల మీది రాయిని ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టయింది.

అక్కడి నుంచి రోజూ సాయంత్రం ఆఖరి బ్యాచి వెళ్లగానే ఒక భాగం. దిండు తల్లిది, కళ్లు కూతురివి. "ఆ పొట్టిది ఎవరే?" "వార్డెను చెల్లెలు." "ఆవిడకేం తెలుసని దెయ్యం వెంట పడుతోంది?" "అంతా ఆవిడే చేసింది అమ్మా, నువ్వు కళ్లు మూసుకున్నప్పుడు చూపించారు." "పోయిందా?" "ఉంది, ఉంది, తియ్యకు." ఒక్కోసారి అడగకముందే, "కుళాయి వస్తోంది, దిండు పెట్టుకో" అని ముందుగా హెచ్చరించేది. వసపిట్ట గొంతు విప్పింది. నేను వాకిట్లో కూర్చుని, "ఆవిడకి ఎవరన్నా ఒక దువ్వెన పారేయండే" అంటే ఇద్దరూ కలిసి నా మీద పడేవాళ్లు.

"నువ్వూరుకో అత్తా, భయం పోతుంది."

"భయం పోతే నష్టమేమిటే?"

"ఇక చూడ్డం దేనికి?"

ఒక సాయంత్రం టీవీలో ఒక పిల్ల గదిలో గడియ పెట్టుకుని ఉంది. బయట తడి జుట్టావిడ తలుపు తడుతోంది. మా ఆడపడుచు మొహం దిండులో, కాలు నేల మీద.

"అమ్మా, కాలు తియ్యి. ఇక్కడ బ్రేకు లేదు."

"అలవాటే, ఏం చెయ్యను?"

పిల్ల టీవీ వంకే చూస్తూ అంది. "ఆ రోజు నేనూ తొక్కేదాన్నే. లారీ చూశాను. కాలు పెట్టబోతున్నాను కూడా. నువ్వే ముందు తొక్కేశావ్."

దిండు కిందికి దిగింది. తెర మీద దెయ్యం ఉందో లేదో ఆమె చూడనే లేదు.

"తెలుసే."

"తెలుసా? తెలిసి మరి దిగమన్నావేం?"

"నీ కాలు కదలడం చూశాను. అయినా ఆ లారీని చూసేసరికి నా ప్రాణాలు పైకి పోయాయి. ఇంకెవరన్నా అయితే నిదానంగా చెప్పేదాన్ని. నువ్వు కాబట్టి నోటికొచ్చింది అనేశాను. తప్పు నాదే. నీది కాదు."

"వాళ్లందరి ముందూ అన్నావ్."

"వాళ్ల ముందే చెప్తాను. రేపు వాళ్లిద్దరూ వస్తారు. నువ్వు నడుపు, నేను కాలు మడిచి సీటు మీద పెట్టుకుంటాను."

"వద్దు బాబోయ్, బ్రేకు మీదే పెట్టుకో!" అంది పిల్ల కంగారుగా. ముగ్గురం నవ్వాం. పాపం, టీవీలో దెయ్యం తలుపు తడుతూనే ఉంది. పట్టించుకున్న నాథుడు లేడు.

మర్నాడు తల్లీ కూతురూ ఆ ఇద్దరినీ ఎక్కించుకుని వెళ్లి వచ్చారు. పిల్ల కారు దిగుతూనే తాళంచెవులు గిర్రున తిప్పుకుంటూ మేడ మెట్లెక్కి వచ్చి, అమ్మ వాళ్ల ముందు ఏం చెప్పిందో, తను మలుపులు ఎలా తీసుకుందో నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. కిందికి వెళ్లి అదే కథ మళ్లీ తల్లికి చెప్పింది. పక్కనే కూర్చుని చూసిన మనిషికి! ఆమె మొదటిసారి వింటున్నట్టే వింది. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

నిన్న మధ్యాహ్నం మా ఆడపడుచు మేడ మీదికి వచ్చింది. చంకన దిండు లేదు. మొహం మాత్రం వేలాడేసుకుని ఉంది.

"మళ్లీ ఏమైందే? మాటలు లేవా?"

"అబ్బే, బాగానే మాట్లాడుతోంది. ఆ బాధ లేదు వదినా."

"మరి?"

"నాకు భయం పోయింది."

నాకు నవ్వాగలేదు. "ఊరేగింపు చేయించమంటావా?"

"వేళాకోళం కాదు వదినా. తడి జుట్టావిడ వస్తే, 'వచ్చావా తల్లీ' అనిపిస్తోంది, చుట్టాన్ని చూసినట్టు. మొన్న ఊరికే దిండు పెట్టుకుని 'పోయిందా?' అన్నాను. అది నా కాలి వంక చూసింది. 'నటించకమ్మా, నీ కాలు ఊరికే ఉంది' అని ఫోను తీసుకుంది. మామూలు మాటలు ఎప్పుడైనా ఉంటాయి. కానీ నాకు భయమేసినప్పుడు అది చెప్పే తీరు వేరు వదినా. 'ఉంది, తియ్యకు' అంటుంది చూడూ... చెయ్యి నా మోకాలి మీద వేస్తుంది, దానికే తెలియకుండా."

 వానలు ఇంకా రాలేదు గానీ కిటికీలోంచి వచ్చే గాలి చల్లబడింది.

"రేపటితో ఆ సీరియల్ అయిపోతుంది" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీ పక్క వాటాలో అద్దెకున్న నర్సు పిల్ల ఇలాంటివే చూస్తుందటగా. నేనడిగితే దీని చెవిన పడుతుంది, నువ్వే కనుక్కో. దీనికంటే ఘోరమైనది ఏదన్నా ఉందేమో అడుగు వదినా. నిజంగా గుండె జారిపోయేలా ఉండాలి. చాలా భాగాలుండాలి."