రెండు శిక్షలకు ఒకటే లెక్క

అడగకముందే ఆలకించే మన దేవునికి స్తోత్రం.

మార్కాపురంలో బస్సెక్కిన ఒక పెద్దామె నా చేతిలో బైబిలు చూసి పక్కన కూర్చుంది.

"అయ్యగారూ, మావాడికి రెండు కేసుల్లో మూడేండ్లు, మూడేండ్లు పడినాయి. కోర్టులో కాంకరెంటు అన్నారు. ఏంది అది?"

వాక్యం చెప్పేవాణ్ణి కదా, ఏ మాటనైనా మూలభాష నుంచి ఎత్తుకోవడం అలవాటు. లాటిన్‌లో కలిసి పరుగెత్తడమని మొదలుపెట్టి, కంభం దాకా ప్రసంగంలా సాగదీశాను. ఆమె ముందు సీటు కడ్డీ పట్టుకుని ఓపిగ్గా విన్నది.

"అట్లయితే ఆరేండ్లా, మూడా అయ్యా?"

"మూడేనమ్మా. రెండూ ఒకేసారి నడుస్తాయి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆ ముక్క ముందే చెప్పుంటే సరిపోయేది గదయ్యా," అంది, కోపం లేకుండానే.

గిద్దలూరు వచ్చేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ కొడుకు క్షేమంగా ఇల్లు చేరాలని నాతోపాటు ప్రార్థించండి. చిన్న ప్రార్థన చాలు.