నాయన ఓడిన ఆట

పదో తరగతి పరీక్షలకు ముందు మా తెలుగు మేడం పునశ్చరణ పేరుతో మాకు సినిమా చూపించారు. క్లాసు గోడకున్న పెద్ద టీవీలో, ఓ కబడ్డీ సినిమా. చూపించారన్న మాటే గానీ, చూడనిచ్చింది తక్కువ. హీరో కూతకు పోయి అవతలి వాళ్ల మధ్య చిక్కుకునేసరికి ఠక్కున బొమ్మ ఆపేసేవారు. "ఇక్కడ సంఘర్షణ ఏది? కథ ఎవరి దృష్టికోణంలో నడుస్తోంది? పతాక సన్నివేశం ఇదేనా, ఇంకా ముందుందా?" కూత మధ్యలో ఆట ఆపితే ఎంత మండుతుందో ఆడేవాళ్లకే తెలుసు. నేను ఆడేదాన్ని.

బడి జట్టులో కూతకు పోయేది నేనే, ఇంట్లో తెలియకుండా. ఆ నెలలోనే గిద్దలూరులో జిల్లా జట్టుకు ఎంపికలు పెట్టారు. ఆటల సార్ నా పేరు రాసుకుని, ఇంట్లో ఒక మాట అడిగి రమ్మన్నారు. ఎట్లాగైనా పోవాలని నాకుంది. ఆ ఒక్క మాట అడగడానికే నోరు రాలేదు. మా ఇంట్లో కబడ్డీ అంటే సాతాను వల.

అలా అన్నది మా నాయనే, అదీ నిండు చర్చిలో. తర్లుపాడు పక్కన చిన్న పల్లె మాది. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాలు చెబుతారు. దేవుడు తమ బతుకును ఎలా మార్చాడో ఎవరికి వారు లేచి నిలబడి చెప్పుకోవడం. దానికో పద్ధతుంది. మారకముందు బతుకు ఎంత చెడ్డదైతే సాక్ష్యం అంత రక్తి కడుతుంది. మా నాయనది పేరున్న సాక్ష్యం. పక్క ఊళ్ల కూడికలకు కూడా పిలిపించుకునేవారు.

"మారకముందు, లోకంలో ఉన్నప్పుడు నాకు కబడ్డీనే దేవుడు. పొదిలి ఆటల్లో తాగి దిగినా. నా అంతోడు లేడని కూతకు పోయినా. దేవుడు నా మోకాలు విరిచినాడు. నా వల్ల మా ఊరు ఓడిపోయింది. ఆసుపత్రి మంచం మీద పడినాక ప్రభువు నన్ను పిలిచినాడు."

అందరూ స్తోత్రం అనేవాళ్లు. నేనూ అనేదాన్ని. ఆ మోకాలు ఇప్పటికీ సరిగా మడవదు. అందుకే పొలం పనులు మానుకుని, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పనికి కుదురుకున్నాడు.

సినిమా అయిపోయాక మేడం ప్రతినాయకుడు ఎవరని అడిగారు. అవతలి జట్టు కెప్టెన్ అని క్లాసంతా అరిచింది. "తొందరపడకండి. హీరో కోరుకున్నదానికి అడ్డం నిలబడినవాడు ప్రతినాయకుడు. వాడు చెడ్డవాడు కానక్కర్లేదు, ప్రేమ ఉన్నవాడు కూడా కావొచ్చు," అన్నారు. నా కథలో ప్రతినాయకుడు ఎవరో నాకు తెలిసిపోయింది. పుస్తకంలో 'మా నాయన' అని రాసి, పక్కనున్న పిల్ల చూస్తుందేమోనని కొట్టేశాను.

తర్వాత మేడం ఇంకో పని అప్పగించారు. మన ప్రాంతంలో నిజంగా జరిగిన ఆట ఒకటి తీసుకుని పరిశోధించి రాయాలి. ఒకరి మాట నమ్మి రాయకూడదు, మూడు ఆధారాలు కావాలి. నేను పట్టుబట్టి పొదిలి ఆటే తీసుకున్నాను. నన్ను ఇంట్లో కట్టేసిన ఆటలో అంత పాపం ఏముందో తేల్చుకోవాలనే ఉక్రోషం తప్ప, పరిశోధన మీద ప్రేమేం కాదు.

మా చర్చి సంఘంలో ముగ్గురిని అడిగాను. ముగ్గురూ అచ్చుగుద్దినట్టు ఒకటే చెప్పారు. ఒక పెద్దాయనైతే, "మీ నాయన తూలుకుంటా దిగింది నేను ఈ కళ్లతో చూసినా," అన్నాడు. రాసుకుని గర్వంగా తెచ్చి ఇచ్చాను.

మేడం చదివి, "ఆ రోజు ఈ పెద్దాయన పొదిలిలో ఉన్నాడా?" అని అడిగారు. ఆ మాట నేను అడగలేదు. ఆయన ఇంటికి పోయి కనుక్కుంటే, ఆ ఏడాదంతా ఆయన గుంటూరు మిరప యార్డులో మూటలు మోస్తున్నాడని ఆయన భార్యే చెప్పింది. మిగతా ఇద్దరూ కూడా ఆట చూసినవాళ్లు కాదు. మా నాయన సాక్ష్యం వినీ వినీ అందరూ అది చూసినట్టే అనుకుంటున్నారు. అబద్ధమాడాలని ఎవరికీ లేదు.

"ఒకే చర్చిలో, ఒకే నోట విన్న ముగ్గురు మూడు ఆధారాలు కారమ్మా. ఒకటే ఆధారం. మీ చర్చికి రాని మనిషిని వెతుకు," అన్నారు మేడం. ఆ రోజు మేడం మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

పొదిలి ఆటలో మా నాయన కాలు పట్టి ఆపబోయిన మనిషిది ఏ ఊరో అమ్మకు తెలుసు. ఆ ఊరికే మిరప కోతలకు పోతుంటుంది. రెండో శనివారం బడి లేదని అమ్మతో పాటు ఆటో ఎక్కాను. ఆయన పొలమున్న రైతు. పంచలో కూర్చుని కందులు చెరిగిస్తున్నాడు. ఫలానా వాళ్ల కూతుర్నని చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"పెదనాయనా, ఆ రోజు మా నాయన తాగి దిగినాడంట కదా?" అని అడిగాను.

"తాగడమా? ఆట ముందు మంచినీళ్లు కూడా గుక్కెడే తాగేటోడు మీ నాయన. ఎవరు చెప్పినారు పాపా నీకు?"

మా చర్చిలో అనుకుంటుంటారని తప్పించుకున్నాను. ఆయనే చెప్పుకుపోయాడు. "మాలో నలుగురం మీద పడినాం. మోకాలు పట్టి తిప్పింది నేనే. అది విరిగిన సప్పుడు నాకు ఇనపడింది. వదలాల్సింది, వదల్లా. మీ నాయన అట్లనే పాక్కుంటా పోయి చెయ్యి చాపి గీత తాకినాడు, కూత మాత్రం ఆపలేదు. వాళ్ల ఊరే గెలిచింది. అట్లాంటి కూత మళ్లా నేను చూడలేదు."

తిరుగు ఆటోలో నాయన గెలిచాడన్న సంతోషం కంటే కోపమే ఎక్కువగా ఉంది. గెలిచిన ఆటను ఓడానని చెప్పి, ఆ ఓటమిని అడ్డం పెట్టి ఇన్నాళ్లూ నన్ను ఆపాడు.

సాయంత్రం నాయన తొట్టి దగ్గర చేతులకంటిన పలక దుమ్ము కడుక్కుంటుంటే పోయి నిలబడ్డాను. రైతు చెప్పిందంతా ఒక్క గుక్కలో అప్పజెప్పి, "ఎందుకట్ల చెప్పినావు నాయనా?" అని అడిగాను.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

"మొదటిసారి ఉన్నదున్నట్టే చెప్పబోయినా. నోరు రాలేదు. తాగలేదు, తప్పు చెయ్యలేదు, గెలిచినా. మరి దేవుడు నా కాలు ఎందుకిరిచినాడని ఎవరన్నా అడిగితే నేనేం చెప్పేది? తాగినానంటే దానికో కారణం ఉంటది గదా. చెప్పంగ చెప్పంగ నాకూ అదే నిజమైపోయింది."

నా కోపం ఎటు పోయిందో పోయింది. నాయన మీద జాలేసింది. తండ్రి మీద జాలిపడినందుకు సిగ్గేసింది.

"నన్ను గిద్దలూరు కబడ్డీ ఎంపికలకు పంపు నాయనా," అన్నాను.

"నీ కాలు కూడా ఇరిగితే?"

"ఇరిగితే ఇరిగిందని చెప్తా. కారణం కల్పించను."

ఆయన చేతులు తుడుచుకుని, "పో. గెలిచినా ఓడినా ఉన్నదున్నట్టు వచ్చి చెప్పు," అన్నాడు. పరిశోధన సంగతి అడిగితే, రాసుకో గానీ చర్చిలో చదవొద్దు అన్నాడు. ఆ తర్వాత ఆయన సాక్ష్యం ఆసుపత్రి మంచం దగ్గరే మొదలవుతోంది. ముందు భాగం ఎందుకు చెప్పడం లేదని అడిగిన వాళ్లకు, వయసైపోతోంది, నిలబడలేకున్నానని చెబుతాడు. మేడం నా రాతకు మంచి మార్కులే వేశారు, అక్షరదోషాలకు మాత్రం కోశారు.

గిద్దలూరులో నేను ఎంపిక కాలేదు. ఎర్రగొండపాలెం నుంచి వచ్చిన పొడుగు పిల్ల ఒకతి నన్ను చీలమండ దగ్గర పట్టి నేలకేసింది, గీత జానెడు దూరంలో ఉండగా కూత ఆగిపోయింది. బస్సులో ఏడ్చి, ఇల్లు చేరేలోపు కళ్లు తుడుచుకున్నాను. నాయన అన్నం తింటున్నాడు.

"పోయింది నాయనా. పట్టేసినారు," అన్నాను.

అమ్మ ఊరుకోబెట్టబోయింది. నాయన కంచం పక్కకు జరిపాడు. "ఏ కాలు పట్టినారు?" అని అడిగాడు.

పుట్టి బుద్ధెరిగాక మా నాయన నోట ఆట గురించి అలాంటి ప్రశ్న నేను వినలేదు. ఎడమకాలని చెప్పాను.

"పట్టినాక ఎనక్కి గుంజినావా, ముందుకు పడినావా?"

"గుంజినా."

"అదే తప్పు," అని కింద కూర్చుని, విరిగిన కాలే నా ముందుకు చాపాడు. "రా, పట్టు. ఎట్ల ఇడిపించుకోవాల్నో చూపిస్తా."

నేను మెల్లగా పట్టుకున్నాను.

"గట్టిగా పట్టు," అన్నాడు నాయన.