హీరో వీపు గుట్ట దిగిన రోజు

మా అమ్మాయి ఉండే ఫిల్మ్‌నగర్ అపార్ట్‌మెంటు వెనక, ఏనుగు పడుకున్నట్టుండే ఒక పెద్ద గుండురాయిని మిషను పెట్టి తొలుస్తున్నారు. ఆ చప్పుడుకు ఇంట్లో అందరూ కిటికీలు మూసుకుని కూర్చుంటే, నేను మాత్రం పొద్దుటి నుంచి హాలుకూ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. "కాలు ఒక్కకాడ నిలుస్తలేదేంది నీకు, గా రాయి నీ తోడబుట్టిందా?" అని మా ఆవిడ అననే అన్నది. తోడబుట్టలేదు గానీ, ఒకప్పుడు నన్ను ఎత్తుకుని కూర్చోబెట్టుకున్న రాయి అది. దించడమే దానికి చేతకాలేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇక్కడి నుంచి జూబ్లీహిల్స్ పైదాకా ఇళ్ళకంటే గుండ్లే ఎక్కువ, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చి, కృష్ణానగర్‌లో కిరాయి గదిలో ఉంటూ సినిమాల్లో గుంపులో నిలబడేవాణ్ణి. పెళ్ళి సీన్లో భోంచేశాను, శవయాత్రలో ఏడ్చాను, రెండింట్లోనూ అదే చొక్కా. అలాంటి నన్ను అదృష్టం వెనక నుంచి వచ్చి పట్టుకుంది: వెనక నుంచి చూస్తే నా భుజాలు అచ్చం హీరోగారివేనని ఫైట్ మాస్టరు కనిపెట్టాడు. ఎల్లుండి హీరోగారి బదులు గుట్ట ఎక్కాలి, కాళ్ళు వణికాయంటే మళ్ళీ గుంపులోకే అన్నాడు.

మధ్యలో మిగిలిన ఆ ఒక్కరోజు గదిలో కూర్చోవడం నావల్ల కాలేదు. మేమంతా బాబాయి అని పిలిచే కాస్ట్యూమరు, హీరోగారి ప్యాంటుకు జతగా కుట్టిన ప్యాంటు కొలత చూసుకోమని ఇచ్చి, ఆ గుడ్డ మళ్ళీ దొరకదు, జాగ్రత్త అని కూడా చెప్పాడు. అలవాటవుతుందని దాన్నే తొడుక్కుని, పొద్దున్నే ఒక్కణ్ణే గుట్టలవైపు బయలుదేరాను.

చీలికల్లో వేళ్ళు దూర్చి, ముళ్ళకంపలు తప్పించుకుంటూ, గుండు మీంచి గుండు మీదికి ఆ వరుస వెంటే పోయాను. కాసేపు ఆగుదామనుకుంటే, ఎక్కిన గుండు చిన్నదైపోయి ముందరిది వెక్కిరించేది. డూపు అనేవాడు కెమెరాకు మొహం చూపించకూడదు కదా, కెమెరాయే లేని ఆ గుట్టల మీద కూడా మొహం రాయివైపే తిప్పుకుని ఎక్కాను. ఎండ నెత్తికెక్కే వేళకు ఏనుగు గుండు పైకి చేరి, నడుం మీద చేతులు పెట్టుకుని హీరోగారిలా నిలబడ్డాను. ఎదురుగా ఒక తొండ తలూపింది, షాట్ ఓకే అయినట్టే.

అప్పుడు వెలిగింది నాకు. సినిమాల్లో ఎక్కడమే ఉంటుంది, దిగడం ఉండదు. పైకి చేరగానే 'కట్' అంటారు, నిచ్చెన వస్తుంది, వెనకాలే టీ వస్తుంది. అన్ని షూటింగుల్లో దిగేవాణ్ణి ఒక్కణ్ణీ చూసినవాణ్ణి కాదు. ఎక్కివచ్చిన చీలిక పైనుంచి కనిపించలేదు, కాలు జారవిడిస్తే కింద ఏమీ తగల్లేదు, మోకాళ్ళు కుట్టుమిషన్లా ఆడసాగాయి. రేపు పొద్దున్నకి నేను అందకపోతే మాస్టరుకు ఇంకో జత భుజాలు దొరుకుతాయి, నాకు ఇంకో హీరో దొరకడు.

కింద సీతాఫలాలు తెంపుకుంటున్న రహమత్ నగర్ అవ్వ ఒకామె తలెత్తి చూసింది.

"ఏమైంది బిడ్డా, గాడ కూసున్నవ్?"

"దిగనీకి వస్తలేదవ్వా."

"ఎక్కేటప్పుడు ఎర్కలేదా? ఏం, హీరోవా?"

"కాదవ్వా, హీరో వీపును."

ఆమె తెంపిన కాయ ఒళ్ళో వేసుకుని, "గట్లనా. మరి వీపు మీదనే దిగు" అని మళ్ళీ కాయల్లో పడింది.

ఎగతాళికే అన్నదో ఏమో గానీ, అప్పటిదాకా రాయిని కౌగిలించుకునే దిగాలని చూస్తున్న నేను, మొదటిసారి వీపు రాయికి ఆనించి మొహం లోకంవైపు తిప్పాను. మడమలకు చోటు దొరికింది. కూర్చుని జారుతూ, ఆగుతూ కిందికి వచ్చాను, ప్యాంటు వెనకభాగం మాత్రం గుండు మీదే ఉండిపోయింది. అవ్వ నా మొహం పరీక్షగా చూసి, "ముందటికెల్లి గూడ మంచిగనే ఉన్నవ్ గదా" అని ఒక కాయ చేతిలో పెట్టింది.

బాబాయిది కోస్తా నోరు. "ప్యాంటు నీకిచ్చానా, కొండకిచ్చానా?" అంటూనే వేరే గుడ్డతో అతుకు వేశాడు. డూపుకు అతుకుండి హీరోకు లేకపోతే తెర మీద దొరికిపోతాం కనుక, హీరోగారి కొత్త ప్యాంటుకూ అదేచోట చిల్లు చేసి అదే అతుకు వేశాడు. దర్శకుడేమో పాత్రకు భలే కుదిరిందన్నాడు. మర్నాడు నా కాళ్ళు వణకలేదు. 'కట్' అనగానే, నిచ్చెన తెచ్చేలోపే వీపు మీద జారి దిగిపోయాను. మాస్టరు మళ్ళీ గుంపులోకి పంపలేదు. నా బతుకంతా వీపు మీదే వెళ్ళింది.

ఇప్పుడు ఆ వరుస పొడవునా మేడలే. ఎక్కడానికొక మీట, దిగడానికొక మీట, కొండ ఉన్నది జూబ్లీహిల్స్ అనే పేరులోనే. నా వీపును ఊరూరా చూశారు గానీ, గుట్ట మీద నా మొహం చూసింది ఆ అవ్వా, ఆ రాయీ. అవ్వ ఏమైందో తెలియదు. మధ్యాహ్నం మిషను ఆగేసరికి ఏనుగు సగమే మిగిలింది. మిగిలిన సగాన్నైనా చూసొద్దామని చెప్పులేసుకున్నాను. లిఫ్టు ఉంది కదా అన్నారు ఇంట్లో. నాకు దిగడం నేర్పినచోటికి లిఫ్టులో ఏం పోతానని, గోడ పట్టుకుని మెట్లమీదుగానే దిగాను.