దొండ తీగ పడుకున్న వేసవి

నా చిన్నప్పుడు మేము బహ్రెయిన్‌లో, గుదైబియాలోని ఒక పాత మేడ పైఅంతస్తులో ఉండేవాళ్ళం. నాన్న హిద్‌లో ఓడల మరమ్మతు పనికి వెళ్ళేవాడు. ఓవర్‌టైం ఉన్న రోజుల్లో కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూనే నిద్రలోకి జారిపోయేవాడు. అమ్మ ఆయన చేయి తుడిచి కంచం తీసేసేది. మా ఇంట్లో అందరూ ఎప్పుడూ అలసిపోయే ఉండేవారని ఇప్పుడు తోస్తుంది కానీ, అప్పుడు నాకు అదే మామూలు సంగతి.

అమ్మ కోనసీమ నుంచి వస్తూ దొండ తీగ ముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. వాటిని డాబా మీద ఒక పెద్ద నూనె డబ్బాలో నాటి, మొదలు చుట్టూ పుదీనా, వాము పెట్టింది. అవి మట్టిని కప్పి చల్లగా ఉంచుతాయని, వాటి ఘాటుకు పురుగు దగ్గరికి రాదని ఆమె నమ్మకం. చలికాలమంతా తీగ బట్టల తాళ్ళ మీదుగా పాకి, వారానికో కూరకు సరిపడా కాయలిచ్చింది. ఈ దేశంలో అమ్మ తనదని చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఆ ఏడు ఎండలు ముదరగానే అమ్మ ఊరికి వెళ్ళిపోతానని పట్టు పట్టింది. నన్ను కూడా తీసుకుపోతుంది. నాన్న ఒక్కడే మిగిలిపోతాడు. ఆయన వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. వాదించే ఓపిక కూడా ఆయనకు లేదనుకుంటాను. చివరికి అమ్మ తనకు తానే ఒక షరతు పెట్టుకుంది. తీగ బతికితే ఉంటుంది, ఎండిపోతే టికెట్ తీయాలి. ఆ రోజు నుంచి నాకు ఆ తీగ తప్ప మరో ధ్యాస లేదు.

మృగశిర కార్తె రాగానే అమ్మ ఊళ్ళో చేసినట్టే పాదు తవ్వి ఎరువు వేసి, చేపలు కడిగిన నీళ్ళు పోసింది. మా వైపు ఆ రోజుల్లో తొలకరి పడుతుంది. ఇక్కడ అసలు ఎండ అప్పుడే మొదలవుతుంది. తీగ వాడిపోయింది. వాడినకొద్దీ అమ్మ ఇంకా నీళ్ళు పోసింది. డాబా ట్యాంకులో కాగిపోయిన నీళ్ళను బకెట్లలో చల్లార్చి మరీ పోసేది. మధ్యాహ్నం కునుకు మానేసి తీగ మీద తడి చీర కప్పేది. ఆకులు అంచుల నుంచి మాడుతూనే ఉన్నాయి.

కింది అంతస్తులో నిజామాబాద్ వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. తాపీ పని చేసేవాడు. నేను మామ అని పిలిచేవాణ్ణి. ఒక శుక్రవారం బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి, అమ్మ చేతిలోని చెంబు తీసుకుని పక్కన పెట్టాడు. కత్తి అడిగి తీసుకుని, మొదట్లో జానెడు ఉంచి తీగంతా కోసేశాడు. పుదీనానూ, వామునూ వదల్లేదు.

"ఉన్న నాలుగాకులూ కోసేశారా అన్నయ్యా," అంది అమ్మ.

"గది సావలే చెల్లె. ఎండకు పండుకున్నది. నువ్వు రోజూ లేపుతున్నవ్, గంతే."

టికెట్ మాట అప్పటికే మేడలో అందరికీ తెలుసు. దసరా దాకా ఆగమన్నాడు. అప్పటికీ చిగురు రాకపోతే సామానంతా తానే మోసి ఎయిర్‌పోర్టులో దింపుతానన్నాడు. డబ్బాకు గోనెసంచి చుట్టి మెట్ల దగ్గర నీడలో పెట్టాడు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు ఒక గ్లాసు నీళ్ళు తానే పోస్తానని, అమ్మ చెయ్యి పెట్టకూడదని చెప్పాడు. దిగిపోతూ మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"నువ్వు సుత పండుకో. అద్దంల మొకం సూస్కున్నవా ఎన్నడన్న?"

మొదట్లో అమ్మ ఊరికే మెట్ల దగ్గరికి వెళ్ళి వచ్చేది. తర్వాత మధ్యాహ్నాలు పడుకోవడం మొదలుపెట్టింది. ఒక శుక్రవారం అమ్మా నాన్నా ఇద్దరూ సాయంత్రం దాకా నిద్రపోయారు. పట్టపగలు ఇద్దరినీ అలా చూడటం నాకు అదే మొదటిసారి. ముందు భయం వేసింది. కాసేపటికి నేనూ వాళ్ళ మధ్య దూరి పడుకున్నాను.

పుదీనా తిరిగి లేచింది. వాము పోయింది. దసరా వచ్చింది కానీ దొండ మొదలు ఎండుకట్టెలాగే ఉంది. మామ అన్న మాట ప్రకారం పైకి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, సామాన్ ఎక్కడుందని అడిగాడు. నేను నాన్న ముఖం చూశాను. ఆయన తల ఎత్తలేదు.

అమ్మ డబ్బా దగ్గర కూర్చుని మొదలును మెల్లగా కదిపి చూసింది.

"వేరు గట్టిగానే ఉందన్నయ్యా. ఇంకొన్నాళ్ళు చూద్దాం," అంది.

దీపావళికి కాస్త ముందు చిగురు వచ్చింది. కానీ అమ్మ ఉండిపోతుందని నాకు తెలిసింది చిగురు వచ్చిన రోజున కాదు, మొదలు కదిపి చూసిన ఆ దసరా రోజునే.

పెద్దయ్యాక నేను కూడా బహ్రెయిన్‌లోనే పనిచేసి, ఇక్కడే రిటైరయ్యాను. చిన్నతనం నుంచీ డైరీ రాయడం అలవాటు. ఈ వయసులో ఎండాకాలం వస్తే లేచి కూర్చోవడానికే ఓపిక ఉండదు, చేయాలనుకున్న పనులన్నీ అలాగే ఉండిపోతాయి. అలాంటి రోజున 'పడుకున్నాను' అని ఒక్క మాట రాసి పుస్తకం మూసేస్తాను. దానికి కారణం రాయాలని ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనిపించలేదు.