సైరన్ పక్క సీటు

మా ఆయన ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఈ మాట ఎవరికి చెప్పినా, అబ్బో, ఎన్ని మంటలు చూసి ఉంటాడో అంటారు. మంటల సంగతేమో గానీ, నాకు బాగా తెలిసింది సైరన్ సంగతి. ఇంజన్‌లో డ్రైవర్ పక్క సీటు ఈయనది. సైరన్ సరిగ్గా నెత్తి మీద. అది చాలదన్నట్టు, మంట దగ్గరికి పోయాక పంపు మోత. పెళ్లయిన కొత్తలో నా గాజుల చప్పుడుకే తిరిగి చూసిన మనిషి, ఉద్యోగం చివరికొచ్చేసరికి కుక్కర్ కూతకు కూడా కదలడం మానేశాడు.

ఒప్పుకుంటాడా అంటే, చచ్చినా ఒప్పుకోడు. "నువ్వు నోట్లో నోట్లోనే గొణుక్కుంటాంటే యాడ వినపడుతుందే?" అని తప్పు నా మీదికే తోసేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకలేక తంటాలు పడుతున్నావా అని అడిగాడట. నేను ఏళ్ల తరబడి ఊదుతూనే ఉన్నాను. డాక్టర్ దగ్గరికి పోదాం పా అంటే మటుకు ఆ ఒక్క మాటా స్పష్టంగా వినపడి, చొక్కా తగిలించుకుని బయటికి పోయేవాడు. ఆయన భయం నాకు తెలుసు. చెవుడని పైవాళ్లకు తెలిస్తే ఇంజన్ మీద నుంచి దించేసి, స్టేషన్లో ఫోన్ ముందు కూర్చోబెడతారని. "చెవిటోన్ని ఫోన్ ముందు ఎవరు కూర్చోబెడతారయ్యా?" అంటే, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఇంట్లో కూడా స్టేషన్ పద్ధతులే. స్కూటర్ మూతి ఎప్పుడూ వీధి వైపే ఉండాలి. చెప్పులు కూడా బయటికే తిరిగి ఉండాలి, కాళ్లు దూర్చి పరిగెత్తడానికి. చుట్టాల పెళ్లికి పోతే పెళ్లికూతుర్ని చూడక ముందే పొయ్యి యాడ పెట్టినారో, పందిరికి ఎంత దూరముందో చూసొచ్చేవాడు. వంటవాళ్లు ఈయన్ను ఆకలికి ఆగలేని మనిషి అనుకునేవాళ్లు.

నౌకరీ ఎక్కువ భాగం నంద్యాలలోనే గడిచింది. అక్కడ బజారులో ఒక శెట్టిగారి ఇంటి వంటిల్లు అంటుకుంది. ఈయన, ఈయన మనుషులు పోయి ముందున్న అంగడినీ ఇంటినీ నిలబెట్టారు. అందరూ చేతులెత్తి దండం పెట్టారు, ఒక్క శెట్టిగారి తల్లి తప్ప. వంటింట్లో ఆమె కాపురానికొచ్చిన నాటి రుబ్బురోలు ఉంది. మంటలో బాగా కాగి ఉన్న ఆ రోలు మీద ఈయన చల్లటి నీళ్లు జోరుగా కొట్టేసరికి, అది ఫట్టుమని నిలువునా పగిలింది. "ఇల్లు నిలిపినావు, సల్లగుండు నాయనా. నా రోలు నీకేం పాపం చేసింది?" అందట ఆమె.

ఆ తర్వాత మేం సరుకులకు ఆ బజారుకు పోతే చాలు, ముసలమ్మ అరుగు మీద నుంచి "ఏమప్పా, రోలు పగలగొట్టినోడా, బాగుండావా?" అని పలకరించేది. ఏది వినపడకపోయినా ఆ పిలుపు మాత్రం ఈయనకు వీధి చివర నుంచే వినపడేది. దాంతో నన్ను చుట్టూ తిప్పి వెనక సందులోంచి తీసుకుపోయేవాడు. నాకు నవ్వు, ఆయనకు నిజంగా బాధ.

ఆఖరి పోస్టింగ్ ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే కొట్టాల వెనక ఇల్లు బాడుగకు దొరికింది. పొద్దున లేస్తే టకటకమని ఉలి దెబ్బలు, రాయి కోసే మిషన్ల రొద. నాకు తలనొప్పి పట్టుకుంది. ఈయనేమో మంచం మీద ఒళ్లు విరుచుకుంటూ "ఈ ఊరు ఎంత నెమ్మదిగా ఉందే" అన్నాడు. ఇంకేం చెప్పను?

ముందు కొట్టంలో ఒక పెద్దాయన చెక్కేవాడు. ఆయనకు చూపు మందగిస్తోంది. చేతిలో ఉన్న అమ్మవారే తన ఆఖరి విగ్రహమని, ఆ తర్వాత ఉలి కొడుకుల చేతికి ఇచ్చేస్తానని చెప్పేవాడు. అమ్మవారి ముఖాన్ని బొటనవేలితో తడుముకుంటూ చెక్కేవాడు. మా ఆయన డ్యూటీ దిగి అక్కడే టీ తాగేవాడు. ఒకరికి కనపడదు, ఇంకొకరికి వినపడదు. అయినా ఇద్దరికీ మాటలు తెగేవి కావు. రాయి మంచిదో కాదో చెప్పాలంటే చిన్న సుత్తితో తట్టి చూడాలనీ, ఖంగుమంటే నిండు రాయి, బొదబొదమంటే లోపల పగులున్నట్టనీ పెద్దాయన తట్టి మరీ చూపించేవాడు. ఈయన అంతా విన్నట్టే తలూపేవాడు. నేను నోరు మూసుకుని నవ్వుకునేదాన్ని.

అమ్మవారు పూర్తయింది. లారీలో దెబ్బ తగలకుండా వరిగడ్డి మందంగా చుట్టి తాళ్లు కట్టారు. ఆ రోజు మధ్యాహ్నం ఎవడో పారేసిన బీడీ ముక్కకు గడ్డి అంటుకుంది. వీధంతా పరిగెత్తాం. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇప్పటివాళ్లు చుట్ట అడగరు, ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తారు. పెద్దాయన నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

ఇంజన్ వచ్చింది. పైపు పట్టుకున్న పిల్లవాడు గడ్డి వైపు తిప్పబోతే, మా ఆయన వాడి చెయ్యి పట్టి పక్కకు తిప్పాడు. నీళ్లన్నీ కొట్టం కప్పు మీద, పక్క కొట్టాల మీద పోశారు. విగ్రహం మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. తనూ ఇంకొకతనూ పొడుగాటి కొక్కేలతో మండుతున్న గడ్డిని లాగి, దూరంగా పడేసి ఆర్పుతున్నారు. జనానికి అర్థం కాలేదు. "ఏందప్పా, నీళ్లు పెట్టుకుని చూస్తాండారు? అమ్మోరు కాలిపోతాంది, కొట్టండి!" అని మొదలుపెట్టి బూతుల దాకా పోయారు. ఈయనకు ఒక్కటీ వినపడలేదు. ఆ ఒక్క రోజు ఆ చెవుడుకు నేను దండం పెట్టుకున్నాను. నాకైతే కళ్ల ముందు నంద్యాల రోలే మెదిలింది.

మంట ఆరింది. మసి పట్టిన అమ్మవారు అట్లే నిలబడి ఉంది. దగ్గరికి పోతే ముఖానికి సెగ కొడుతోంది. చల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి ఈయన ఇంజన్‌తో వెళ్లిపోయాడు. డ్యూటీ దిగాక యూనిఫాంలోనే తిరిగొచ్చాడు. చేతి మీద బొబ్బలు. అన్నం తినమంటే వినలేదు. ఈసారి నిజంగానే వినదలుచుకోలేదు.

పొద్దు వాలుతుండగా పెద్దాయన చిన్న సుత్తి తీసుకున్నాడు. వీధిలో చప్పుడు ఆగిపోయింది. అమ్మవారి పీఠం మీద ఒకటి, భుజం మీద ఒకటి, మెల్లగా తట్టాడు. తట్టి, తల రాతికి ఆనించి ఏడ్చాడు.

మా ఆయన ఆ ఏడుపు చూశాడు. అది ఏ ఏడుపో ఆయనకు తెలియలేదు. రంగు పోయిన ముఖంతో నా వైపు తిరిగి, అంతమందిలో, మెల్లగా అడిగాడు.

"నాకు వినపడలేదే. మోగిందా?"

ఎన్నేళ్లు పోట్లాడానో ఈ మాట కోసం. బొబ్బలు లేని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, అరచేతిని అమ్మవారి భుజానికి ఆనించాను. రాయి ఇంకా గోరువెచ్చగా ఉంది. "ఇంకోసారి కొట్టప్పా" అన్నాను పెద్దాయనతో.

ఆయన కొట్టాడు. మా ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు.

"మోగుతాంది" అన్నాడు.