ఏసేపు కాలి కింది బ్రేకు

“మార్చినామంటే మార్చినాం. ఎన్నిసార్లు చెప్పల్లప్పా నీకు?”

“మార్చింటే పాతవి యాడుండాయి? సూపిచ్చు.”

“చెత్తలో పారేసినాం. కావల్లంటే పోయి ఏరుకో. ఏం, దండ గుచ్చుకుంటావా వాటితో?”

“గుచ్చుతా. నువ్వు తెచ్చియ్యి శేషన్నా, నీ మెడకే వేస్తా.”

నేను షెడ్డు బయట రేకుల నీడలో కూర్చొని వింటున్నాను. లోపల అరుస్తున్నది షెడ్డు మేస్త్రి శేషన్న. గొంతు పెంచకుండా అడిగిందే అడుగుతున్నది మా బస్సు డ్రైవరు ఏసేపు. తగువు మా బస్సు బ్రేకు గురించి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను అనంతపురంలో కాలేజీ చదువు సగంలో వదిలేసి, కడప నుంచి రాయచోటికి పోయే బస్సులో కండక్టరుగా చేరాను. టిక్కెట్లు కొయ్యడం నా పని. మనుషుల్ని ప్రాణాలతో దించడం ఏసేపు పని. ఆ రెండో పని ఒకటుందని ఎక్కేవాళ్ళకు గానీ, యజమానికి గానీ ఎప్పుడూ గుర్తుండేది కాదు.

ఏసేపుది వేంపల్లె దగ్గర పల్లె. తండ్రి మిషను దొర ఇంట్లో తోటకు నీళ్ళు పోసేవాడు. దొర కారు పాపాఘ్ని ఏటి ఇసుకలో దిగబడితే ఎద్దుల్ని కట్టి లాగేవాళ్ళు. లాగేటప్పుడు స్టీరింగు పట్టుకోవడానికి ఏసేపును కూర్చోబెట్టేవాళ్ళు. అట్లా ఆయన మొదట తోలిన కారుకు ముందు రెండు ఎద్దులుండేవి. తర్వాత యుద్ధకాలంలో పట్టాళంలో చేరి బర్మా కొండల్లో మిలటరీ లారీలు తోలాడు. అక్కడ ఏం చూశాడో నాకు చెప్పలేదు. భార్య జీవమ్మ మాత్రం ఒకసారి, “నిద్రలో కాలు తంతాడప్పా, బ్రేకు తొక్కినట్ల. నా మోకాలు చూడు ఎట్ల కమిలిందో,” అని నవ్వింది. ఏసేపు నవ్వలేదు.

గువ్వలచెరువు కనుమ తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కడప నుంచి పోయేటప్పుడు అది ఎక్కుడు, పర్వాలేదు. రాయచోటి నుంచి తిరిగొచ్చేటప్పుడు దిగుడు. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క మోకాలెత్తు రాతిగోడ, దాని అవతల లోయ. ఆ గోడకు ఒకచోట రాళ్ళు లేవు. ఎందుకు లేవో అందరికీ తెలుసు. అక్కడికి రాగానే బస్సులో మాటలు ఆగిపోతాయి.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక మధ్యాహ్నం, కనుమ దిగుతున్నప్పుడు, ఏసేపు కాలు బ్రేకు మీద పైకీ కిందికీ ఆడడం చూశాను. ఎంత తొక్కినా అది పలకకుండా అడుగు చెక్కదాకా దిగిపోతోంది. ఆయన గేరు తగ్గించి, బండిని గుట్ట పక్కకు తిప్పి, ఆ మట్టికి ఒరుసుకుంటూ పోయి ఆపాడు. చింతపండు గంపలతో వెనక కూర్చున్న గిడ్డమ్మ లేచి నిలబడింది.

“ఏమప్పా ఏసేపూ, గుట్టకేసి వీపు గోక్కుంటాండావా? నా గంపలు పడిపోతాండాయి ఈడ.”

“బండికి దురదగా ఉండాదంటక్కా. అయిపాయ, కూర్చో.”

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో ఉన్న నాకు ఆయన చొక్కా కనిపించింది. నీళ్ళలో ముంచి తీసినట్టుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మద్రాసు నుంచి కంపెనీ మనిషి బస్టాండుకు వచ్చాడు. ఆ విడతలో అమ్మిన బస్సుల బ్రేకుల్లో రబ్బరు బిళ్ళలు నాసివి పడ్డాయనీ, వేడికి మెత్తబడి జారిపోతాయనీ, బండ్లన్నీ వెనక్కి తెచ్చి షెడ్డులో ఇస్తే ఊరికే కొత్తవి వేయిస్తామనీ చెప్పాడు. ఊరికే అన్న మాట విని మా యజమాని ఓబులరెడ్డి ఒప్పుకున్నాడు. ఏసేపు ఆ మనిషి చెయ్యి పట్టుకొని వదల్లేదు. తన కాలి తప్పు కాదని ఎవరో ఒకరు చెప్పినందుకు.

షెడ్డులో బస్సు పడి ఉన్నన్నాళ్ళూ రోజూ పోయి అడిగేవాళ్ళం. సామాను రైల్లో ఉండాది అన్నాడు శేషన్న. రైలొచ్చింది గానీ పెట్టె ఇంకో ఊర్లో దింపినారంట. తర్వాత పెట్టె వచ్చింది, తాళంచెవి లేదు.

“చెవి ఎవరి కాడుండాది?” అని నేనడిగాను.

“మేస్త్రి కాడ.”

“మేస్త్రి ఎవరు?”

“నేనే.”

“మరి తియ్యి.”

“ఇంటికాడ మర్చిపోయినా. కాలేజీలో ఇదేనా నేర్పిచ్చేది, పెద్దోళ్ళను నిలబెట్టి అడిగేది?”

మా వెనక వచ్చిన లారీలు మాకంటే ముందు పోయాయి. మా బిళ్ళలు వాటిల్లోకే పోయాయని నా అనుమానం. ఆఖరికి ఆ పొద్దున, పని అయిపోయిందన్నాడు శేషన్న. మొదట చెప్పిన తగువు అందుకే.

పాత బిళ్ళలు చూపించలేదు. ఏసేపు బానెట్టు ఎత్తి, బ్రేకు నూనె మూత తీసి, వేలు ముంచి వాసన చూశాడు.

“ఆముదం పోసినావు.”

“అందరికీ అదే పోస్తాండాం. దొరలు పోసేది మటుకు ఏంది? ఆముదమే. డబ్బా మీద బొమ్మ ఉంటాది, అంతే.”

ఇంతలో ఓబులరెడ్డి వచ్చాడు, గుమ్మడికాయ, నిమ్మకాయలు, పూలదండలు జట్కాలో వేసుకొని. రిపేరుకు పోయిన బండి షెడ్డు దాటి బయటికి రాగానే కాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆయన ఇంటి ఆనవాయితీ. ఏసేపు నోరు తెరవబోతే, “మంచి గడియ దాటిపోతాండాది, తర్వాత చెప్దువులే,” అన్నాడు. బస్సును గేటు బయటికి నెట్టించారు. కర్పూరం వెలిగింది. గుమ్మడికాయ పగిలింది.

“ఊ, తోలు.”

నిమ్మకాయలు నలిగాయి. షెడ్డు ముందు కొంచెం వాలు. బస్సు ఆగాల్సిన చోట ఆగలేదు. ఏసేపు కాలు మళ్ళీ పైకీ కిందికీ ఆడింది. దండలతో, కుంకుమతో, నిదానంగా, ఎవరూ తోలనట్టు, అది పోతూనే ఉంది. ఆయన చేతిబ్రేకు లాగి, ఎదురుగా ఉన్న పాత టైర్ల గుట్టకు తగిలించి ఆపాడు.

నిలబడి చూస్తున్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

“కొత్త సామాను కదా, కాలికి అలవాటు కావల్ల,” అన్నాడు శేషన్న.

ఏసేపు దిగి రెడ్డి ముందుకు వచ్చాడు. “రెడ్డీ, ఏమీ మార్చలేదు. బండి మళ్ళా లోపలికి పెట్టల్ల.”

“యాడికి, షెడ్డులోకా? పూజ అయినంక మొదటి ట్రిప్పు పోయి రాకుండా బండి మళ్ళా ఆ గడప తొక్కేదానికి లేదు. మా నాయన ఎద్దులబండ్లు తోలించే కాలం నుంచీ ఇంతే. ఇంటికి అరిష్టం.”

“కనుమ దిగల్ల రెడ్డీ.”

“దిగి రా. వచ్చినంక పెట్టుకుందువు, నేను వద్దన్నానా? రేపు రాయచోటి నుంచి పెండ్లోళ్ళను తేవల్ల. మాటిచ్చినా. నీకు భయమైతే చెప్పు, పుల్లన్న తోల్తాడు.”

పుల్లన్న రెడ్డి లారీ డ్రైవరు. పెట్రోలు మిగులుతుందని కనుమలో ఇంజను ఆపేసి బండిని జారవిడుస్తాడని పేరు. రెడ్డికి ఆ గుణం మీద గౌరవం.

ఏసేపు పోయి బస్సు ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టి వచ్చాడు.

“నేనే తోల్తా,” అన్నాడు.

సాయంత్రం బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే నేను ఆగలేకపోయాను. “బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చెప్దామన్నా. బండిని నిలబెట్టేస్తాడు.”

“పోయి అడిగొచ్చినా. ఆయప్ప కర్నూలుకు పోయినాడంట. వచ్చేలోపల పెండ్లి అయిపోతాది.”

“అయితే తోలనని చెప్పు. నీకేం పట్టింది?”

“నేను తోలకపోతే బండి నిలబడ్తాదా? నిండా మనుషులతో పుల్లన్న తోల్తాడు. నేను ఇంట్లో కూర్చొని కబురు కోసం చూస్తాండల్ల.”

టీ చల్లారిపోయింది. ఆయన తాగలేదు. బస్టాండులో దండలతో నిలబడి ఉన్న మా బస్సును చూస్తున్నాడు. పూలు అప్పటికే నల్లబడ్డాయి. ఎవరో ఒక పిల్లను ఎత్తుకొని దండలోంచి పువ్వొకటి తెంపి ఇస్తున్నారు.

“కాలేజీ,” అన్నాడు. నన్ను అట్లాగే పిలిచేవాడు. “నువ్వొక పని చెయ్యల్ల నాకు.”

“చెప్పన్నా.”

“రేపు కనుమ తలకాడ బండి ఆపుతా. ఇంజను కాలిందని చెప్తా. నువ్వు అందరినీ దించల్ల. ముసిలోళ్ళను, పెండ్లికూతుర్ని, ఎవరినీ ఇడ్సొద్దు. ఎండలో అంత దూరం నడిపిస్తావా అని తిడతారు. చెయ్యి కూడా చేసుకుంటారేమో. తిట్టిచ్చుకో, కొట్టిచ్చుకో, ఎక్కనియ్యొద్దు. సీట్ల కింద చూడు, నిద్రపోయిన పిల్లోళ్ళు ఉంటారు. అంతా అయినంక నువ్వూ దిగు, బండిని నేనొక్కన్నే కిందికి దించుతా. దిగినంక నాకు భయమేసి నిన్ను పిలుస్తానేమో. నేను పిలిచినా ఎక్కొద్దు.”